ముందొక చెంబు

తెల్లారి నాలుగింటికి
వ్యాసర్‌పాడిలో మా వీధి చేతిపంపు
మొదట దగ్గుతుంది.
గాలి, ఇంకా గాలి, తుప్పు వాసన,
ఎక్కడో లోపల ఇనుము గొంతు సవరించుకునే చప్పుడు.
నీళ్లు ఆ తర్వాతి మాట.

నా ప్రార్థన కూడా చాలా ఏళ్లు అంతే.

మా అవ్వ సంతోషమ్మ
కార్పొరేషన్ చీపురు పట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని
"కృపగల తండ్రీ" అని మొదలుపెడితే
పళ్లెంలో అన్నం చల్లారిపోయేది.
ఎదురింటి వాళ్ల గుడ్డి కోడి నుంచి
ఢిల్లీలో ఏలేవాళ్ల దాకా
ఎవర్నీ వదిలేది కాదు.
నేను ఒక కన్ను తెరిచి
చేపముక్క ఎవరి వైపుందో చూసుకునేదాన్ని.

నాకు బడి అరవం, బేరం అరవం,
తిట్లు మరీ అరవం.
దేవుడి దగ్గరే తెలుగు.
అదీ నాది కాదు, అవ్వది.
ఆమె పోయాక ఆమె చీరల్లాగే
ఆ మాటలూ కట్టుకున్నాను,
కుచ్చిళ్లు నేల రాస్తుండగా.
కృపగల తండ్రీ,
తర్వాతేం రావాలో తెలియక
మళ్లీ కృపగల తండ్రీ.

మెకానిక్ షెడ్డు మీద, రేకుల కింద మా సంఘం.
యోబు అయ్యగారు అన్నారు,
"ఇంకా లోతుకి వెళ్లాలమ్మా ప్రార్థనలో."
లోతంటే గట్టిగా అనుకున్నాను.
గొంతు పెంచాను. శుక్రవారాలు పస్తున్నాను.
నోటుబుక్కులో నంబర్లు వేసి రాసుకున్నాను:
తమ్ముడి తాగుడు మానాలి,
నా కాంట్రాక్టు పని పర్మినెంటు కావాలి,
మేడమీది పూంగొడి నోరు పడిపోవాలి.
నిజం, అది కూడా రాశాను.
వరసలో నా బిందెని కాలితో తోసింది మరి.
ఏడో నంబరు.

తమ్ముడు పోయిన ఏడు
నోటుబుక్కు మూసేశాను. నోరు కూడా.
నాలుగింటికి లేవడం మాత్రం ఆగలేదు,
నీళ్లు మన దుఃఖం కోసం ఆగవు కదా.
బిందె పక్కన గట్టు మీద కూర్చునేదాన్ని.
బేసిన్ బ్రిడ్జికి ఇవతల
బెజవాడ వైపు నుంచి రాత్రంతా పరిగెత్తి వచ్చిన రైలు
సెంట్రల్ కనుచూపు మేరలో ఉండగా
సిగ్నల్ లేక నిలబడిపోయేది.
కూత వేసేది కాదు.
లోపల దీపాలు వెలిగించుకుని
ఊరికే ఉండేది.
నేనూ ఊరికే ఉన్నాను.
అది ప్రార్థన అని ఎవరూ చెప్పలేదు,
అలసట అనుకున్నాను.
ఎన్ని నెలలో లెక్క లేదు.

పంపుకి ముందు ఒక చెంబెడు నీళ్లు పొయ్యాలి.
లోపలి తోలు బిళ్ల తడిస్తేనే పట్టు దొరుకుతుంది.
ఆ చెంబు రోజూ పంపు మొదట్లో
మూత పెట్టి, నిండుగా ఉండేది.
ఏళ్లుగా ఎత్తి పోసుకున్నాను,
ఎవరు నింపారని అడగలేదు.
ఒక పొద్దున చెయ్యి జారి బోర్లా పడింది.
వీధి దీపం కింద, చెంబు అడుగున,
పెళ్లినాడు కొట్టించిన చుక్కల అక్షరాలు:
పూంగొడి.

నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో.
నోట్లోంచి వచ్చింది తెలుగో అరవమో
అదీ చెప్పలేను.
"ఆమె మోకాళ్లు, సామీ,
ఆ మెట్లు, ఆ బిందెలు..."
అక్కడే ఆగిపోయింది. ఆమెన్ కూడా అనలేదు.
అవ్వ మాటలూ
నా గొంతు తడపడానికి
ఎవరో ముందుగా పోసి ఉంచినవే కాబోలు.

ఇప్పటికీ రోజూ పడదు.
కొన్ని పొద్దుల్లో ఎంత కొట్టినా గాలే.
రాత్రి పదింటికి చెంబు నింపుదామని దిగితే
సగం రోజులు అప్పటికే నిండి ఉంటుంది.
మా ఇద్దరికీ ఇంకా మాటల్లేవు.

నోటుబుక్కు మొన్న తీశాను.
ఏడో నంబరు కొట్టెయ్యలేదు.
పేరు ఉంచి
మిగతాది చెరిపాను.