లాభం, రెండు, మూడు

కువైట్ జాబ్రియాలో మూడో అంతస్తు.
ఏసీ సద్దు తప్ప ఇంకో సద్దు లేని మధ్యాహ్నం.
గాలియా లెక్కల పుస్తకం వంటింటి బల్ల మీద పరిచి
పెన్సిలు కొరుకుతా కూచునింది.
పుస్తకంలో రెండు బొమ్మలు: ఒక పెట్టె, ఒక గొట్టం.
వాటి పేర్లు ఆ పిల్లకు ఇంగ్లీషులో వచ్చు,
నాకు తెలుగులో వచ్చు.
మా ఇద్దరికీ నడుమ ఉండేది వంటింటి అరబ్బీ,
అందులో ఈ మాటలు లేవు.
దీర్ఘఘనం. స్థూపం.
రాయచోటి హైస్కూల్లో, తొమ్మిదో తరగతి చివరి బెంచీలో
వదిలేసి వచ్చిన మాటలు
పదునాలుగేండ్లకు సముద్రం దాటొచ్చి
నా ఎసరు పక్కన నిలబడినాయి.

బొమ్మలతో పని కాదని
పాలపొడి డబ్బా తీస్తి, ఖర్జూరాల రేకుపెట్టె తీస్తి,
కుట్టుసామాన్లలో టేపు వెతికితి.
డబ్బా నోరు అడ్డంగా పద్నాలుగు, ఎత్తు ఇరవై.
పెట్టె పొడుగు ఇరవై, వెడల్పు పద్నాలుగు, లోతు పదకొండు.
ఏది పెద్దది అంటి.
డబ్బా, అనింది. పొడుగ్గా ఉంది కదా.

పొడుగును వెడల్పుతో గుణిస్తే మడి,
మడిని లోతుతో గుణిస్తే మడిలో నిలిచిన నీళ్లు.
గొట్టందే తిరకాసు.
అడుగున గుండ్రాన్ని ముందు కొలవాల,
సగం అడ్డాన్ని దాంతోనే హెచ్చించి
ఇరవైరెండుతో పెంచి, ఏడుతో తుంచి,
ఆ రొట్టె మీద రొట్టె పేర్చుకుంటా పైదాకా పోవాల.
మూడువేల ఎనభై.
పెట్టెను పిల్ల గుణించింది. మూడువేల ఎనభై.
తుడిచి మళ్లా గుణించింది. అదే.
నేనేదో కనికట్టు చేసినట్టు చూసింది.

నమ్మకపోతే పోసి చూడు అంటి.
బియ్యాన్ని ఐష్ అంటారు ఇక్కడ.
డబ్బాకు తలకొట్టి పోస్తి, పెట్టెలోకి వంచితి.
గింజ మిగల్లేదు. గింజ చాలకపోలేదు.

అంతటితో ఆపుంటే బాగుండు.
నా చెయ్యి ఊరుకోక పెట్టెను రెండుసార్లు బల్లకు తట్టింది.
బియ్యం వేలెడు కిందికి దిగింది.
"రెద్దమా, లెక్క తప్పిందా?"

ఏం చెప్పేది.
మా నాయిన సజ్జల కళ్లాల్లో కుంచం పట్టేవాడు.
షావుకారుకు కొలిచేటప్పుడు కుంచాన్ని కుదిపి కుదిపి
మీద గోపురంగా రాశి పొయ్యాల.
కూలోళ్లకు కొలిచేటప్పుడు అదే కుంచం,
కుదపకూడదు, అరచేత్తో అంచు నున్నగా గియ్యాల.
అడ్డం అదే. ఎత్తు అదే.
ఆ గోపురం లెక్క పదో తరగతిలో చెప్తారంట.
నేను తొమ్మిదిలోనే ఆగితి.

ఇదంతా చెప్పేంత అరబ్బీ నాకు లేదు.
బియ్యానికి అలుపొచ్చి పడుకుంది అంటి.
నవ్వింది.

రాత్రి అందరూ పండుకున్నాక అదే టేపుతో నా గది కొలిస్తి.
పొడుగు ఏడడుగులు, వెడల్పు అయిదు, ఎత్తు తొమ్మిది.
మూడువందల పదిహేను.
మూలన వేణ్ణీళ్ల బాయిలరు, నాకంటే ముందునుంచి ఉండేది.
అడ్డం పద్నాలుగంగుళాలు, ఎత్తు ముప్పైఆరు:
మూడు ఘనపుటడుగులు, పైన చిల్లర. తీసేస్తి.
ట్రంకుపెట్టె తీసేస్తి.
ఇస్త్రీబల్ల, బకెట్లు, చీపుర్లు తీసేస్తి.
నన్ను తీసెయ్యాల్నో ఉంచాల్నో తెలీక
అక్కడ ఆపేస్తి.

మర్నాడు బడి నుంచి వస్తానే
నీళ్లతో కొలుద్దాం అనింది పిల్ల.
నీళ్లు పడుకోవు గదా.
గ్లాసు ముంచి డబ్బాలో పోసి "వాహిద్" అనబోతే
చెయ్యి పట్టుకుంటి.
మా కళ్లంలో మొదటి కొలతను ఒకటి అనరు,
లాభం అంటారు.
"లాబం," అనింది, ఒత్తు లేకుండా.
రెండు. మూడు.
పదిహేను గ్లాసులు పోసి, పదహారోది సగం కాకముందే
డబ్బా నిండింది.
ఇంకో చుక్క. ఇంకో చుక్క.
నీళ్లు అంచు మీదికి ఉబ్బి
పొర్లకుండా, వణుకుతా నిలబడినాయి.
పిల్ల గడ్డం బల్లకానించి, ఊపిరి బిగబట్టి చూసి
ఆ పైనున్నదాన్ని ఏమంటారు అనింది.

కొసరు, అంటి.