వట్టిపోయిన నెల

ఏరు మూలం అడగరాదంటారు.
అడగడమే నా ఉద్యోగం.

పెన్సిల్వేనియా కొండల్లో చిన్న టౌన్‌షిప్ ఆఫీసు.
ఇళ్ళకు పసుపు, దుకాణాలకు ఎరుపు,
పొలాలకు లేతాకుపచ్చ:
పంతొమ్మిదేళ్ళుగా భూమికి రంగులేస్తున్నాను.
హికరీ క్రీక్‌ని నీలంగా గీసిన ప్రతిసారీ
పైకి పోయేకొద్దీ గీత సన్నబడి
ఓర్ఫా లాండిస్ పొలం గట్టు దగ్గర ఆగిపోయేది.
ఆపింది నేనేనని అప్పట్లో తోచలేదు.

ఆ గట్టుకు పైన నూట పన్నెండు ఎకరాలు,
ఆవిడ మేనల్లుడు డ్వేన్‌వి.
ఎనభై ఆరు ఇళ్ళకు దరఖాస్తు వచ్చింది.
"అక్కడ ఏరే లేదు, మీ పటమే సాక్షి"
అన్నాడు కంపెనీ ఇంజనీరు గ్యారెట్ వైస్.
చెడ్డవాడు కాదు,
మా అమ్మాయికి సాకర్ నేర్పినవాడు.

మార్చిలో ఓర్ఫా నన్ను వెంటబెట్టుకెళ్ళింది.
డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి,
ఊతానికి పాత స్కీ కర్ర, జతలో ఒకటి.
"ఇక్కడా?" అన్నాను, రాళ్ళ సందున నీళ్ళు మెరిసినచోట.
"ఇంకా పైకి."
"ఇక్కడా?" గడ్డి బూటు కింద మెత్తగా దిగినచోట.
"ఇంకా."
తమ వేడితో తామే మంచు కరిగించుకుని
ఊదారంగు ముక్కులు బయటపెట్టిన
కంపుమొక్కల్ని దాటాక
మేపుల్ చెట్ల కింద ఆగింది.

అక్కడేమీ లేదు.
ఆకులు. ఆకుల కింద ఆకులు.
వాటి కింద ఆకో మట్టో తేల్చుకోలేనిది ఏదో.
పిండి పొంగిందో లేదో చూసినట్టు
అరచెయ్యి ఆనించి చూసింది.
"ఇక్కడ" అనలేదు.
"ఇటునించి అటుదాకా" అంది,
గాలిలో దుప్పటి పరిచినట్టు చెయ్యి తిప్పి.

నా జేబులో పెన్సిలుంది.
దానికి చుక్క తెలుసు, గీత తెలుసు.
చెమ్మ తెలీదు.

ఏప్రిల్లో ఫైర్‌హాల్లో విచారణ.
మడతకుర్చీలు చాలక
ఫైరింజనుకి ఆనుకుని నిలబడ్డారు జనం.
ఒకాయన పన్నుల గురించి, ఒకావిడ బడి బస్సు గురించి.
డ్వేన్ లేచి అప్పుల గురించి చెప్పాడు,
ట్రాక్టర్ వాయిదాలతో సహా, లెక్క తప్పకుండా.
ఎవరూ అతని ముఖం చూడలేదు.

వైస్ అడిగాడు:
"మిసెస్ లాండిస్, ఆగస్టులో అక్కడ నీళ్ళుంటాయా?"
"ఉండవు."
"ఒక్క చుక్కైనా?"
"వట్టిపోతుంది."
ఇంకేం అడగాలన్నట్టు కాగితాలు సర్దుకున్నాడు.

"మా రోజీ కూడా ఆగస్టులో వట్టిపోతుంది" అంది ఓర్ఫా.
"రెణ్ణెల్లు చెంబెడు పాలుండవు.
పట్నంవాడెవడైనా చూస్తే
కోతకి తోలెయ్యమంటాడు.
చూలుతో ఉందయ్యా అది."

కూర్చుంది.
ఎవరో చప్పట్లు కొట్టబోయి మానేశారు.

మూడుకి రెండు.
పాతికెకరాలకు ఒక్క ఇల్లు,
తడి చుట్టూ మూడొందల అడుగులు ఎవరూ తవ్వకూడదు.
డ్వేన్ వెళ్ళిపోతూ తలుపు మెల్లిగానే వేశాడు.
విసిరేసి ఉంటే
మాకందరికీ కాస్త తేలిగ్గా ఉండేది.

కంపెనీ కోర్టుకెళ్ళింది. అది తేలదు ఇప్పట్లో.
ఓర్ఫా తన పొలమంతా ట్రస్టుకి రాసింది,
దున్నుకోవచ్చు, మేపుకోవచ్చు, ఎన్నటికీ కట్టకూడదు.
"ఎన్నటికీ" దగ్గర కలం ఆపి
కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివింది.
ప్రతి శనివారం డ్వేన్ మెయిల్‌బాక్స్ కింద
డజను గుడ్ల అట్టపెట్టె పెట్టి వస్తుంది.
ఖాళీ పెట్టె తిరిగి రావడం
ఇంకా మొదలవలేదు.

కొత్త పటం వేస్తున్నాను.
కింద నించి గీత లాక్కొచ్చి
గట్టు దగ్గర పెన్సిల్ పక్కన పెట్టాను.
కుంచె ముంచి కాగితం తడిపి
నీలాన్ని దాని ఇష్టానికి పైకి పాకనిచ్చాను.

బోర్డు చైర్మన్ భుజం మీంచి తొంగిచూశాడు.
"మరక పడిందా?"
"లేదండీ," అన్నాను,
"ఇంకా ఆరలేదు."