మధ్యలో ఒక ‘ల’

యార్క్‌షైర్ ఒడ్డున, కొండకి అతుక్కున్న పదహారు గడపల వాడ.
రేవు వాలు మీద ఓ అడ్డదుంగ,
దుంగకి నాలుగు చేతికర్రలు, ఒంటినిండా తారు మోకు.
వేటకెళ్ళొచ్చిన పడవల్ని గట్టెక్కించేది అదే.
పేరు విండ్‌లస్.

డోర్కస్ ఆ పేరు తనదే అనుకునేది.
విండ్ అంటే గాలి. లాస్ అంటే పిల్ల.
అక్కడ ఆడపిల్లని అలాగే కదా కేకేస్తారు!
పదకొండేళ్ళది. తెల్లారకట్ట,
తడిసిన గౌను అంచుని గాలి మోకాళ్ళకేసి బాదుతుంటే
తల్లి పక్కన నిలబడి కర్ర తోసేది.
ఒక్కో చుట్టుకీ అడుగున్నర పడవ.

బడిలో కొత్త పంతులు హాక్స్‌వెల్
దిండంత నిఘంటువు తెరిచి తేల్చేశాడు:
గాలీ లేదు, పిల్లా లేదు.
ఎప్పుడో ఉత్తర సముద్రం దాటొచ్చిన వాళ్ళ మాట, విందాస్.
విందా, చుట్టడం. ఆస్, దూలం.
చుట్టే దూలం. అంతే.
చుట్టపుచూపుగా వచ్చి, నార్మన్ల నోట నాని,
ఇల్లరికం ఉండిపోయింది.

“మరి మధ్యలో ఈ ‘ల’ ఎక్కడిదండీ?”

పంతులు కళ్ళజోడు తుడుచుకున్నాడు.
ఎవరు ఇరికించారో ఖాయంగా తెలీదన్నాడు.
తుడిచిన అద్దాలే మళ్ళీ తుడిచాడు.

ఆ మాఘమాసపు చలి లాంటి చలిలోనే ఒకనాడు
పంటిగొళ్ళెం జారింది.
సగం ఎక్కిన పడవ వెనక్కి, పడవ కింద తండ్రి.
కర్రలు గిర్రున తిరుగుతున్నాయి.
ఏ మాటకి ఏ అర్థమో ఆలోచించే వేళ కాదు.
పిల్ల అడ్డం పడింది.
దుంగ ఆగింది. కుడి బొటనవేలి గోరు
మళ్ళీ మొలవలేదు.

ఇప్పుడామెకి ఎనభై మూడు.
రేవులో కరెంటు మోటారు, మీట నొక్కితే పడవ పైకి.
దుంగని కడిగి, వార్నిష్ పూసి
చేపల గోదాములో ప్రదర్శనకి పెట్టారు.
అట్టముక్క మీద పేరు రాసిన కుర్రాడు, బాగా చదువుకున్నవాడు,
పాత రూపమే సరైనదని
‘ల’ తీసేశాడు.

డోర్కస్ చాలాసేపు చూసింది.
కుర్రాడి చెవి మీది పెన్సిల్ అడక్కుండానే లాక్కుంది.
ఇంగ్లీషులో ఆ అక్షరం పెద్ద కష్టమేం కాదు,
ఒక్క నిలువు గీత,
దుంగలో దిగేసిన చేతికర్రలా.
గోరులేని వేలు ఆనించి
రెండక్షరాల మధ్య ఇరుకులో గట్టిగా గీసింది.
అట్ట చిరిగిందేమో కూడా చూసుకోలేదు.

“నువ్వు చెప్పిందీ నిజమే నాయనా” అంది,
“చుట్టే దూలమే.
దూలం తనంతట తను ఎన్నిసార్లు చుట్టిందో
అదీ రాయి, కింద.”