కిర్రు

కాశీబుగ్గ కొట్లో కుర్రోడు
కొత్తరకం తాళం సూపించినాడు.
బొటనేలు ఆనిస్తే సాలునట,
తలుపు తెరుసుకుంటాదట.
పద్దెనిమిదేళ్లు జీడిపిక్కలు కొట్టిన సెయ్యి ఇది నాయనా,
గీతలెక్కడున్నాయి?
రేషను మిషనే నన్ను ఎరగనంటాది,
నా ఇల్లు కూడా అనాలా?

ఇనప గడియ కొన్నాను. జానెడున్నర, నూట ఎనభై.
తవిటయ్య వొచ్చి బిగించినాడు.
సెదలు పట్టిన గడపకి రంగుడబ్బా ఎందుకని
బట్టీకాడ సీసాడు జీడినూనె అడిగి తెచ్చి
గుడ్డతో నానే రాసినాను, రెండు పూతలు.
నా గీతలు తిన్నదే కదా,
సెదల్ని తినదా ఏటి.

రేకుల మీద సున్నం కొట్టినాక
ఫ్యాను రెండో నంబరు దాటట్లేదు.
మొన్నటి బిల్లులో అరవై రూపాయలు మిగిలితే
గుమ్మానికి బల్బొకటి.

సామాన్లు సంచిలో ఏసుకుంటా తవిటయ్య
మడతబందుకి నూనెసుక్క ఎయ్యబోయినాడు.
గబుక్కున సెయ్యట్టుకున్నాను.
వొద్దు, దాన్ని అరవనీ.
రాత్రి షిఫ్టు దిగి నా నీలవేణి తోస్తే
రెండుసార్లు కిర్రుమంటాది, సన్నంగా.
ఇంకెవరు తోసినా
అలగ అరవదు.