మేడ మీద కోత

ఆ డ్రమ్ము ఒకప్పుడు రైల్వే పెయింటుది.
లాలాగూడ వర్క్‌షాపు వేలంలో కొని
నాన్న సైకిలు మీద తెచ్చాడు.
అడుగున ఎర్రరంగు ఇంకా గడ్డకట్టి ఉండగానే
నాయినమ్మ మట్టి నింపి గుమ్మడి గింజ గుచ్చింది.
మెట్టుగూడలో మాకున్న భూమి అంతే.
నడుం దాకా లోతు,
రెండు చేతులు చాపితే అందే చుట్టు.

పెత్రమాస నాడు బాలమణక్క మెట్లెక్కి వచ్చింది.
"దీనవ్వా, పువ్వులుంటే ఇయ్యరాదూ,
బజార్ల గునుగు కట్ట యాభై అంటున్నడు."
నాయినమ్మ తీగ మీదికి వంగి
ఒక్కో పువ్వు కింద వేలు పెట్టి చూసింది.
గోళీకాయంత ఉబ్బు తగిలితే వదిలేసింది,
తగలకపోతే తెంపింది.
"మగపువ్వులు. ఎట్లనూ రాలేటివే, తీస్కపో."

సాయంత్రం వాకిట్లో బతుకమ్మ చుట్టూ చప్పట్లు తిరుగుతుంటే
పిట్టగోడ మీంచి చూశాం,
తాంబాలంలో మా పసుపు ఏదో వెతుక్కుంటూ.
నాయినమ్మ పాడలేదు.
మడమ ఒకటి మాత్రం నేల మీద తాళం వేసింది.
చూశానని ఆమెకు చెప్పలేదు.

దీపావళికి సైలాస్ కాకరొత్తుల కోసం అలిగాడు.
బాలమణక్క కొడుకు డబ్బాలో సగం పంచాడు.
పొగకు రెండు ఆకులు మాడాయి.
కాయ బతికింది.

నవంబరు రెండున తాతయ్య సమాధికి సున్నం వేశాం.
గాలికి కొవ్వొత్తి ఆరినప్పుడల్లా
పక్క సమాధి వాళ్లను అడిగి అంటించుకున్నాం.
ఆ వరసలో పేరు అరిగిపోయిన రాయి ఒకటుంది.
మిగిలిన సున్నం ఏటా దానికే.

ఆ నెల మూడో ఆదివారం కోతపండుగ.
గుడి మెట్ల మీద చెరుకుగడలు,
కాళ్లు కట్టేసిన పుంజు,
మోండా మార్కెట్టు స్టిక్కరు ఊడని ఆపిల్ పండ్లు.
పొలాలు లేని మేమందరం
ప్రథమఫలాలంటూ సంచులు విప్పుతున్నాం.
నాయినమ్మ కొంగు తీసి గుమ్మడికాయ దించింది.
దాని ఒక చెంప మీద
డ్రమ్ము అంచు ఎర్రమరక.

వేలం మొదలైంది.
రిటైర్డు గార్డు ప్రభుదాసు గారు
జెండా ఊపినట్టు చెయ్యెత్తి "నూరు" అన్నారు.
నాన్న నూటయాభై.
నాలుగువందల దగ్గర అమ్మ చొక్కా పట్టి లాగింది.
ఆరువందల యాభైకి
మా కాయ మాకే వచ్చింది.

"ఇచ్చినదాన్నే కొనుడేందిరా" అంటూనే
ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకుంది నాయినమ్మ.
బ్రిడ్జి ఎక్కుతుండగా, ఎవరితోనూ కానట్టు అంది:
"మా అమ్మ పదారేండ్లు కోసింది.
ఒక్క మెద గూడ మా వాకిట్లకు రాలే."
ఆటో అబ్బాయి గేరు మార్చాడు.
నాన్న రోడ్డు వైపు చూస్తూ
చాలాసేపు తల తిప్పలేదు.

కాయలో సగం బాలమణక్కకు వెళ్లింది.
మాకు దక్కినదాంట్లో గుప్పెడు తురుము
క్రిస్మస్ కేకు పిండిలో పడింది.
ఖదీర్ భాయ్ బేకరీ ముందు ట్రేలన్నీ వరసకట్టాయి,
ప్రతిదాని మీదా చీటీ, ఇంటిపేరు.
పొయ్యి వేడికి మా చీటీ ఎగిరిపోయింది.
"రంగు చూసి పోల్చిన, మీదే" అన్నాడాయన,
పచ్చగా పొంగిన ట్రే ముందుకు తోస్తూ.

ఎండిన తీగ పీకేసి
ఆ పందిరి బొంగుకే నక్షత్రం కట్టాం.
దానికి ఒక కోణం ఎప్పుడూ వెలగదు.
రాత్రి రెండింటికి కేరల్స్ వాళ్లొస్తే
బాలమణక్క నిద్రకళ్లతో చాయ్ పెట్టింది, ఇరవై మూడు గ్లాసులు.

ఏడాది చివరి రాత్రి
గుడిలో పంచిన వాగ్దానం కార్డు
నాయినమ్మ నా చేతికిచ్చింది, ఆమెకు చదువు రాదు.
చదివాను. మళ్లీ చదవమంది.
ఇంటికొచ్చాక దాన్ని మడిచి
ఏడు గుమ్మడి గింజలు పొట్లం కట్టింది.

"వానకాలం రానీ.
ఇద్దరిల ఎవలు మాట నిలబెట్టుకుంటరో చూద్దాం."