రెండు రోళ్ళు

రేపు తిరుపతిలో వైవా.
ఈ రాత్రి పుత్తూరులో కరెంటు లేదు.
సీనియర్ దగ్గర తెచ్చుకున్న ఎముకల పెట్టె తిరిగిచ్చేశాను,
అందుకని మా నాయన చొక్కా విప్పి
ఈతచాప మీద కూర్చున్నాడు, నాకు పుస్తకంలాగా.

ముప్పైయేళ్ళుగా కట్టు కొట్టంలో
వెదురుబద్దలు చీల్చి, తెల్లసొనలో పసరు కలిపి
ఊరూరి జబ్బలు తడిమిన మనిషి.
"కానీ" అన్నాడు. "యాడినించి మొదులు?"

ఇక్కణ్ణించి నాయనా,
గొంతుగుంట పక్కన, రొమ్ము ఎముక మీద
బొటనవేలి గోరంత కీలు.
చెయ్యి మొత్తం ఒంటి ఎముకకి ఆనేది ఈ ఒక్కచోటే.
మిగతాదంతా కండ పట్టుకున్న పట్టు.
వెనక అంసఫలకం...
"రెక్క" అన్నాడు, దిద్దుతున్నట్టు.
సరే, రెక్క.
పక్కటెముకల మీద ఏ మేకూ లేకుండా
నారాయణవనం మగ్గంలో నాడెలాగా జారతా ఉంటుంది.

చెయ్యి ఎత్తు.
దండెం మీది తువ్వాల అందుకున్నట్టు ఎత్తాడు.
రెండు వంతులు రోట్లో రోకలి తిరిగింది,
ఒక వంతు రెక్కే జరిగి దారిచ్చింది.
పుస్తకంలో అది ఒక లెక్క.
నా అరచేతికింద, నిద్రలో పిల్లి ఒత్తిగిలడం.

ఉలూఖలం అని రాయాలి.
రోలు అని రాస్తే మార్కులు వెయ్యరు.
భుజం రోలు లోతులేనిది, ప్రమిదంత,
అందుకే రాయి విసురుతుంది, కడవ దించుతుంది, వీపు గోక్కుంటుంది,
అందుకే జారుతుంది కూడా.
తుంటి రోలు అట్లా కాదు.
మూడు ఎముకలు పదహారేళ్ళు పోట్లాడుకుని
చివరికి రాజీపడి తవ్వుకున్న గుంత.
తొడ తల అందులో లోపలికంటా కూర్చుంటుంది,
లారీ గుద్దితే తప్ప లేవదు.

"తుంటి మీద కొడితే మూతిపళ్ళు రాలినాయంట"
చీకట్లోంచి అమ్మ. చింతపండు గింజలు తీస్తా ఉంది.
నవ్వొద్దమ్మా, అదీ సిలబస్సే.
తుంటి అరిగితే మోకాలు ఏడుస్తుంది,
కాలేయం వాస్తే కుడిజబ్బ మూలుగుతుంది.

మళ్ళీ ముందుకొచ్చి జత్రుక వెంట వేలు నడిపాను.
లోపలి వంపు, వెలుపలి వంపు,
రెండూ కలిసేచోట
వేలు ఆగింది.
చెరుకు కణుపు లాంటి గడ్డ.
ఎడమవైపు లేదు.
విరిగిన రెండు ముక్కలూ ఒకదానిమీదొకటి ఎక్కి
తోచినట్టు అతుక్కున్నాయి.

ఇది ఎవురు కట్టినారు నాయనా?

ఆయన తువ్వాల మడతపెట్టడం మొదలుపెట్టాడు.
అమ్మే చెప్పింది:
"వడమాలపేట గేటుకాడ మొగిలప్ప టీవీఎస్ జారితే
నేను పడకుండా జబ్బ అడ్డం పెట్టినాడు.
నువ్వు అప్పుటికే తల దించుకోనుండావు."

మేఖల అంటే వడ్డాణం.
పుస్తకం ప్రకారం అమ్మకీ ఒకటి ఉంది.
బియ్యపుగింజ మందం మాత్రం కదిలే కీళ్ళు,
తొమ్మిది నెలలు కొంచెం కొంచెంగా పట్టు సడలించుకుని
ఆ రాత్రి ఇంకో గోరంత జరిగాయి.
ఆ సందులో నేను మెడ తిప్పుకుని బయటపడ్డాను.
అప్పుడు ఆసుపత్రి వరండాలో
నాయన కుడిచెయ్యి చంకలో దాచుకుని
నన్ను ఎడమచేత్తో అందుకున్నాడంట.

మరి కట్టు?
"కట్టేవోణ్ణి నేనే గదా" అన్నాడు.
కాసేపాగి, పనిమంతుడి గొంతుతో,
"అయినా దానికి కట్టు నిలవదు పాపా.
ఊపిరి తీసినా కదిలే ఎముక అది."

పొద్దున మేడమ్ బల్ల మీద ఎముక దొర్లించింది.
ఏ వైపుది?
చేతికి ముందే తెలిసింది, కుడి.
నున్నగా ఉంది. కణుపు లేదు.
ఒక్క క్షణం, ఏదో లోపమున్న ఎముక అనుకున్నాను.

ఎక్కువగా ఎక్కడ విరుగుతుంది?
వడమాలపేట గేటు దగ్గర,
అనబోయి మింగేసి,
రెండు వంపులు కలిసేచోట మేడమ్, అన్నాను.