తొంభయ్యో మెట్టు

వాల్పరైసోలో మా వీధి, వీధి కాదు
నూటా అరవై రెండు మెట్లు.
కింద సముద్రం, చేపల మార్కెట్టు, డాక్టరు.
పైన మేము, రేకుల ఇళ్ళు, ఈదురుగాలి,
నిబాల్దో కొట్టు.

తొంభయ్యో మెట్టు దగ్గర దీపం పోయి మూడేళ్ళు.
అక్కడే ఒకరి చేతిసంచి పోయింది,
ఒకరి తుంటి విరిగింది.
అప్పట్నుంచీ పొద్దు వాలితే
కొండకి కొండే తలుపేసుకుంటుంది.

నిబాల్దో దగ్గర ఏముంటాయి?
తెల్లరొట్టె, తియ్యటి సోడా, సాసేజీలు,
విడిగా ఒక్కో సిగరెట్టు,
నూనె మరకల అరువు పుస్తకం.
ఆకుకూర అడిగితే నవ్వుతాడు:
"మెట్లెక్కేసరికి ఆకు వాడిపోతుందమ్మా,
సీసా వాడదు."

నేను ఇంటింటికీ తిరిగే నర్సుని.
ఎడెల్మిరా కతలాన్, యాభై ఎనిమిదేళ్ళు, కుట్టుపని.
చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టాను.
నూట డెబ్బై రెండు.
కింద కూర్చున్న డాక్టరు చీటీ రాసిచ్చాడు:
నోరు కట్టుకోండి, కాళ్ళకు పని చెప్పండి,
రోజూ అరగంట నడక.
ఆమె దాన్ని రెండుసార్లు చదివి
సూదుల డబ్బాలో పెట్టింది.
"ఎక్కడ నడవమంటాడు, గాల్లోనా?"

నా ఫారంలో ఉప్పుకో గడి ఉంది,
పొగకీ, మందుకీ,
తండ్రి దేనితో పోయాడో దానికీ ఉంది.
దీపానికి లేదు.
ఆ రోజు కాగితం అంచున అడ్డంగా రాశాను:
తొంభయ్యో మెట్టు, బల్బు.
ఎవరూ చదివి ఉండరు.
పద్నాలుగు నెలలకి నిచ్చెన మోసుకొచ్చిన కుర్రాడు
వేరెవరి గోల భరించలేక వచ్చాడో.

ఏమైతేనేం, వెలిగింది.
మొదటి రాత్రి దాన్ని చూసి కుక్కలు మొరిగాయి.
నాలుగో రాత్రి, ఒకప్పుడు ఓడలో వంట చేసిన ముసలాయన
కుర్చీ తెచ్చుకుని కింద వేసుకున్నాడు.
ఇప్పుడు ఎడెల్మిరా మిషను ఆపి
ఆరున్నరకి దిగుతోంది,
మిగిలిన చేప సగం ధరకిస్తారని.
తిరిగొచ్చేటప్పుడు సంచిలోంచి
ఏదో పచ్చటిది తొంగిచూస్తుంటుంది.
దీపం కింద ఆగుతుంది,
ఆయాసం తీర్చుకోడానికి
సిగరెట్టు వెలిగిస్తుంది.

నిన్న నూట యాభై ఎనిమిది.
మాత్ర పాతదే, మోతాదూ పాతదే.
"ఏం అలవాటు మార్చుకున్నారు?"
గడి నింపాలి కాబట్టి అడిగాను.
"నేనా? ఏమీ లేదే" అంది
పట్టీ తనే విప్పుకుంటూ.
"ఇరవై మెట్ల కింద ఇంకోటి
రెపరెపలాడుతోంది.
అదీ రాసుకో."